ఈగల గదిలో పొట్టేలు

ఈగలకు వంట చేసి రిటైరైన మనిషిని నేను. ఏం ఉద్యోగం చేశావని ఎవరడిగినా ఇదే చెబుతాను. నమ్మనివాళ్ళు నవ్వుతారు, నమ్మినవాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వుతారు. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలూ, మీరు కూడా ముందు నవ్వేయండి. తరువాత కొంచెం వినండి.

ఆత్మకూరులో ఒక కాలేజీ. అందులో జంతుశాస్త్రం చెప్పే మేడం బెంగళూరులో పరిశోధన చేసి వచ్చారు. వస్తూ వస్తూ కొన్ని సీసాల్లో ఈగలను తెచ్చారు. అన్నం మీద వాలే ఈగలు కావు. అరటిపండు బాగా మగ్గితే చుట్టూ ముసురుతాయి చూడండి, నువ్వుగింజంత ఉండేవి, అవి. కాలేజీ వెనకవైపు సామాన్ల గదిని ఖాళీ చేయించి, ఏసీ పెట్టించి, వాటిని పెంచడం మొదలుపెట్టారు. అటెండరుగా నన్ను ఆ గదికి వేశారు.

వాటికి తిండి వండడం నా పని. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడడానికి అగర్ అనే పొడి. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. స్టీలు గరిటె చేతిని కాలుస్తోందని మా పుట్టినూరు ఉదయగిరి నుంచి పొడుగాటి చెక్క గరిటె తెచ్చుకున్నాను. వేడిగా ఉన్నప్పుడే సీసాల్లో పోసి, చల్లారాక దూది బిరడా పెట్టాలి. ఆ వాసనకు కామర్స్ సార్లు వరండాలో ఆగి, ఈ పాయసం ఏ పండక్కని అడిగేవారు.

అక్షరాలు నాకు బాగా ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి నా పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. సీసాల మీద చీటీలు చదవలేకపోతే ఎట్లాగని మేడం రోజూ కాసేపు కూర్చోబెట్టి నేర్పించారు. అందువల్ల నాకు ‘అ’ కంటే ముందు ఎక్స్ వచ్చింది. రెండు గీతలు అడ్డంగా కొడితే చాలు కదా.

ఆ ఎక్స్ సంగతే ఆ గదిలో అసలు సంగతి. ఆడ ఈగ ఒంట్లో ప్రతి కణంలోనూ ఎక్స్ అనే క్రోమోజోములు రెండుంటాయి. మగ ఈగకు ఒక్కటే. దాని పక్కన వై అని ఇంకొకటి ఉంటుంది కానీ, అందులో సరుకు తక్కువ. ఇద్దరికీ కావలసింది ఒకటే అయినప్పుడు, ఒక్కటే ఉన్నవాడికి సగమే అందాలి. సగంతో ప్రాణి బతకదు. మరి మగ ఈగ ఎలా బతుకుతోంది? నాకు అర్థం కావాలని మేడం వంటింటి మాటల్లో చెప్పారు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి, పక్కింట్లో ఒకటే ఉంది. తినేవాళ్ళు మాత్రం రెండిళ్ళలోనూ అంతేమంది. ఒక్క పొయ్యి ఉన్న ఇంట్లో ఏం చేస్తారు? మంట పెంచుతారు. మగ ఈగలో కూడా అంతే. దాని ఒంట్లో కొన్ని పదార్థాలు జట్టుకట్టి ఆ ఒక్క ఎక్స్‌ను పట్టుకుని రెండింతలు పని చేయిస్తాయి.

మరి మనుషుల్లోనో అని అడిగాను. మనుషుల్లో దీనికి తిరగేసి, ఆడవాళ్ళ రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని ప్రతి కణంలోనూ ఒళ్ళే పడుకోబెట్టేస్తుందని చెప్పారు. ఈగల్లో మగవాడి మంట పెంచి సమానం చేస్తే, మనలో ఆడదాని పొయ్యి ఒకటి ఆర్పి సమానం చేశారన్నమాట. ఆ మాట పైకి అంటే మేడం చాలాసేపు నవ్వారు. ఈగలంటే నాకు గౌరవం కలిగింది ఆ రోజునుంచే.

మా గదిలో పరిశోధన చేయడానికి ఒక అమ్మాయి చేరింది. చదువుల మధ్యలో పెళ్ళి, పెళ్ళయ్యాక ఒక ఆడపిల్ల. అత్తగారిది సంగం. పెన్నా కాలువ కింద వరి పండించే పెద్ద కుటుంబం. రోజూ బస్సెక్కి వచ్చేది. మెత్తని మనిషే కానీ భూతద్దం ముందు కూర్చుంటే మాత్రం కదిలేది కాదు.

ఆమె పని ఒక చెడిపోయిన రకం ఈగలతో. ఆ రకంలో నేనిప్పుడు చెప్పిన మంట పెంచే ఏర్పాటే పాడైపోయింది. ఆడవాటికి దాని అవసరం లేదు కనుక వాటికేమీ కాదు. మగవి మాత్రం పురుగుగా ఉన్నప్పుడో, గూడు కట్టుకున్నాకో చచ్చిపోయేవి. గుర్తుపట్టేది రెక్కలను బట్టి. వంకర రెక్కలవాటిలో ఏర్పాటు సగమైనా బాగుండేది. అవి బతికేవి, ఆడా మగా రెండూ కనిపించేవి. తిన్నని రెక్కలవి మాత్రం అన్నీ ఆడవే. పాడైపోయినదాన్ని వేరే దారిలో అందిస్తే ఆ తిన్నని రెక్కల మగవి బతుకుతాయా? ఇదీ ఆ అమ్మాయి ప్రశ్న. బెంగళూరు నుంచి ఇంకో రకం తెప్పించి, వీటితో జతకట్టించి, పిల్లల్ని మళ్ళీ జతకట్టించి, నెలల తరబడి కూర్చుంది. తిన్నని రెక్కల మగ ఈగ ఒక్కటైనా సీసాలో కదిలితే ఆమె గెలిచినట్టు.

ఈలోగా ఆమెకు మళ్ళీ నెల తప్పింది.

వరండాలో ఒక కామర్స్ సార్ నవ్వులాటకు, ఈ గదిలో ఆడవే పుడతాయంట, జాగ్రత్తమ్మా అన్నాడు. వరండాలో అది నవ్వులాటే. బస్టాండు చేరేసరికి అందులో నవ్వు రాలిపోయింది. సంగం చేరేసరికి, ఆ గదిలో గాలి పీల్చిన ఆడదానికి ఆడపిల్లలే పుడతారు అని తయారైంది. నాకు ఇద్దరు కొడుకులున్నారని చెప్పి చూశాను. వాళ్ళు నువ్వు గదిలో చేరకముందు పుట్టినోళ్ళు కదా అన్నారు. వాదనలో మన జనాన్ని గెలవడం కష్టం.

ఒక రోజు ఆ అమ్మాయి కళ్ళు వాచిపోయి వచ్చింది. ఈ నెలతో మానేయమని అత్తగారి మాట. భర్తను అడిగితే అమ్మనే అడగమన్నాడట. మేడం కోప్పడలేదు. ఒకసారి ఆమెనే ఇక్కడికి తీసుకురా, చూసి పొమ్మను, ఆ తరువాత మీ ఇష్టం అన్నారు. సీసాల్లో మొదటి ఈగలు బయటికి రావలసిన వారంలోనే ఆమె వచ్చేట్టు కుదిరింది.

ఇక్కడ మా వాచ్‌మన్ గురించి చెప్పాలి. మర్రిపాడు వైపు మనిషి, గొర్రెలు మేపే కుటుంబం. మందలు అన్నదమ్ములకు వదిలి ఉద్యోగానికి వచ్చాడు. కరెంటు పోతే జనరేటరు వేయడానికి గది తాళం అతని దగ్గర కూడా ఉండేది. వేసవి సెలవుల్లో ఈగలను పాత సీసా నుంచి కొత్త సీసాలోకి తట్టి మార్చడం మేమే నేర్పాం. సీసా మీద సీసా బోర్లించి, అరచేత్తో రెండు తట్లు తట్టి, ఒక్క ఈగ కూడా ఎగరకుండా మార్చేవాడు. ఎవరు ఏ కష్టంలో ఉన్నా, అడగకముందే చేయి కలిపే గుణం. ఆ గుణమే మా కొంప ముంచింది.

ఆ రోజు ఆ పెద్దమ్మ కోడలితో పాటు బస్సు దిగింది. జరీ అంచు చీర, నుదుటన రూపాయంత బొట్టు. గదిలోకి వస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మేడం ప్రిన్సిపాల్ దగ్గర మీటింగులో ఉన్నారు. నేను కుర్చీ వేసి టీ ఇచ్చాను. ఆమె పైకీ కిందికీ చూసి, “ఈగలకు ఏసీనా? మా ఇంట్లో మనుషులకే లేదే,” అంది. అది వేసవి కాకపోయుంటే ఆమె అంతసేపు కూర్చునేది కాదేమో.

ఆ అమ్మాయి అత్త వైపు ఒకసారి చూసి సీసా తీసింది. మత్తు ఇచ్చి, తెల్లటి పలక మీద పోసి, కుంచెతో ఒక్కొక్కదాన్నీ పక్కకు జరుపుతూ భూతద్దంలో చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆమె చేయి ఆగిపోయింది. నన్ను పిలిచి, రెక్కలు తిన్నగానే ఉన్నాయి కదా అక్కా, నా కళ్ళు మోసం చేస్తున్నాయా అని అడిగింది. నేను చూశాను. రెక్కలు తిన్ననివే. పొట్ట చివర నల్లగా ఉంది, అంటే మగవే. ఒకటి కాదు, కొన్ని. కాళ్ళు కదుపుతున్నాయి. కడుపుతో ఉన్నానన్న సంగతి మరిచిపోయి ఆ అమ్మాయి మేడం కోసం పరుగెత్తింది.

“ఏమైంది దానికి?” అంది పెద్దమ్మ, కంగారుగా లేచి.

నాకు తెలిసినంతలో చెప్పాను. పొయ్యిల సంగతి, మంట సంగతి, ఈ రకంలో మగవి బతకవన్న సంగతి. ఆమె కొంగు ముక్కుమీంచి ఎప్పుడు జారిందో నేను చూడలేదు.

“అంటే పుట్టకుండా లేవు గదా. మగబిడ్డలు కూడా పుడతానే ఉండాయి. పురుగుగా ఉన్నప్పుడే పోతా ఉండాయి.”

“అవునమ్మా.”

“వాటిని బతికించేదానికా నా కోడలు ఇన్నాళ్ళు ఈడ కూర్చునింది?”

అవునన్నాను. ఆమె తనకూ చూపించమంది. కళ్ళజోడు తీయించి, భూతద్దం ముందు కూర్చోబెట్టి, బాగా బతికిన మామూలు మగ ఈగను పెట్టి చూపించాను. ఎర్రటి కళ్ళు చూసి ముందు ఉలిక్కిపడింది. ఇదేనా ఒక్కదాంతో రెండింతలు చాకిరీ చేసేది అని అడిగింది. ఇదేనన్నాను. తల ఎత్తకుండానే, “మా ఇంటాయన్ని తీసుకొచ్చి చూపించాల దీన్ని,” అంది.

మేడం వచ్చారు. చూశారు. కుర్చీ జరుపుకుని మళ్ళీ చూశారు. తరువాత ఆ అమ్మాయి భుజాల చుట్టూ చేతులు వేసి అట్లాగే నిలబడిపోయారు. నేను కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ టీ పెట్టడానికి లేచాను. పెద్దమ్మ కూడా సంతోషంగా కనిపించింది.

వాకిట్లో వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు, ముఖం వెలిగిపోతూ. “చూసినారా మేడం. మగవి పడితేనే మంద నిండుగా ఉంటాది,” అన్నాడు.

మేడం ఆ అమ్మాయిని వదిలి అటు తిరిగారు. “పడితే అంటే?”

అప్పుడు తెలిసింది. పొద్దున్నే గది తుడిపించడానికి వచ్చినప్పుడు, పక్కనున్న మామూలు ఈగల సీసాలోంచి కొన్నిటిని ఇందులోకి తట్టాడట. మామూలువి కనుక రెక్కలు తిన్ననివే. దొంగతనంగా చేసిన పనిలా కాదు, ఉపకారం చేసినట్టుగా చెప్పాడు.

“మా మర్రిపాడు సైడు పొట్టేలు లేని మంద కనపడితే, పక్కమందోళ్ళు అడక్కుండానే ఒకదాన్ని తోలి పోతారు మేడం. అది మర్యాద. అమ్మగారు చూసేదానికి వస్తా ఉంది, అన్నీ ఆడవే ఉంటే ఏమనుకుంటాదో అని...”

నెలల పని అది. ఏ మగవి లోపల పుట్టాయో, ఏవి బయటినుంచి వచ్చాయో ఇక చెప్పడం కుదరదు. ఆ సీసా ఇక లెక్కలోకి రాదు. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని ముఖం చేతుల్లో పెట్టుకుంది. మేడం గోడవైపు చూస్తున్నారు. నేను టీ గిన్నె పట్టుకుని నిలబడిపోయాను.

లేచింది ఆ పెద్దమ్మే.

“ఏందయ్యా నువ్వు చేసిన పని?” అంది. గొంతు పెద్దది కాదు, కానీ వరండా దాకా వినపడింది. “విత్తనాలకని పెట్టుకున్న మడిలో రాత్రికి రాత్రి ఇంకో రకం వడ్లు చల్లి, పైరు నిండుగా ఉండాది చూడమంటే మేము ఊరుకుంటామా? పరాయి రకం బెరుకు కంకి ఒక్కటి కనపడితే నడుం వంచి పెరికేస్తామే. నా కోడలు ఇన్ని నెలలు కాపలా కాసిన మడయ్యా ఇది.”

వాచ్‌మన్ ముఖంలో వెలుగు అప్పుడు ఆరింది. ఎంత చెడిపోయిందో మేడం చెప్పివుంటే అతనికి అర్థమయ్యేది కాదు. పరాయి వడ్ల మాట వినగానే అర్థమైంది. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు తెలవదు తల్లీ, తప్పయింది అన్నాడు. పెద్దమ్మ అతన్ని అక్కడితో వదిలి మేడం వైపు తిరిగింది.

“విత్తనం మొత్తం పోయినట్టేనా, యాడైనా దాచినారా?”

అన్ని రకాలకూ రెండో వరస పక్క అలమరలో వేరుగా ఉంటుందని మేడం చెప్పారు. ఉంది, కానీ మొదటినుంచి మళ్ళీ జతకట్టించాలి. నెలన్నర పైనే పడుతుంది.

ఆ అమ్మాయి తల ఎత్తింది. “ఈ నెలతో మానమంటివి గదా అత్తా.”

“నారు పోసినాక మధ్యలో వదిలేస్తామా? రేపు తొలి బస్సుకు పద.”

ఈ మాట చెప్పినంత తేలిగ్గా ఆమె మనసు మారిపోయిందనుకోకండి. బస్టాండు దాకా నేనే దిగబెట్టాను. కోడలు మంచినీళ్ళ సీసా కొనడానికి అవతలికి వెళ్ళగానే నా చేయి పట్టుకుని, నిజం చెప్పమ్మే, ఈ గది వల్ల ఏం కాదు గదా అని అడిగింది. కాదన్నాను. సరే, పుట్టినాక చూద్దాం, మళ్ళీ ఆడబిడ్డే అయితే ఇంట్లో అందరి నోర్లూ నేను మూయలేను, ఇంక పంపేది లేదు అంది. అది కోపంతో అన్న మాట కాదు. ఉన్న సంగతి చెప్పింది.

ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. కాళ్ళు వాచేవి, పీట వేసి ఎత్తుగా పెట్టించేదాన్ని. వాచ్‌మన్ మీద మేడం ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చెడ్డవాడు చేసిన తప్పును కాగితం మీద పెట్టవచ్చు, మంచివాడు చేసిన తప్పును ఏ కాగితం మీద పెడతాం అన్నారు. దానికి బదులు అతన్ని కూర్చోబెట్టి నాకు చెప్పినట్టే అంతా చెప్పారు. ఆ తరువాత అతను ఆ అలమర దగ్గరికి ఇంకెవరినీ పోనిచ్చేవాడు కాదు, ప్రిన్సిపాల్‌ను కూడా. పిల్లలూ, ఇంకొకరి సీసాకు మేలు చేయాలనిపిస్తే ముందు అడగండి. ఎవరైనా మీ సీసాకు అలాంటి మేలు చేస్తే, తిట్టడం అయ్యాక, ఆ సీసాలో ఏముందో వాళ్ళకు చెప్పండి. అది ముందే చెప్పివుంటే మాకు ఆ వేసవి మిగిలేది.

రెండోసారి ఈగలు బయటికి వచ్చిన రోజు ఆ అమ్మాయి అరవలేదు, పరుగెత్తలేదు. నెమ్మదిగా మేడంను పిలిచింది. మేడం భూతద్దం దగ్గరికి పోకుండా ముందు వాచ్‌మన్‌ను పిలిపించి అడిగారు. అతను తల మీద చేయి పెట్టుకుని ప్రమాణం చేశాక అప్పుడు కూర్చున్నారు. ఉన్నాయి. తిన్నని రెక్కల మగ ఈగలు. మామూలువాటి కంటే చిన్నవి, నడక తడబడుతోంది, కొన్ని పలక అంచు దాకా పోలేక ఆగిపోతున్నాయి. కానీ బతికి ఉన్నాయి. మేడం లేచి వాచ్‌మన్‌కు కూడా చూపించారు. అతను చాలాసేపు చూసి, “ఇది మనం తోలిన పొట్టేలు కాదు మేడం. ఈడే పుట్టిన పిల్ల,” అన్నాడు. ఆ అమ్మాయి అప్పుడు నవ్వింది, కడుపు పట్టుకుని.

పని అయితే గెలిచింది. మనిషి తిరిగి వస్తుందా లేదా అన్నది మాత్రం పుట్టబోయే బిడ్డ మీద ఆధారపడి ఉంది. నెలలు నిండి ఆమె సెలవు పెట్టాక నేనూ మేడం ఆ మాట ఎత్తలేదు. వాచ్‌మన్ మాత్రం రోజూ పొద్దున్నే, ఏమైనా తెలిసిందా అక్కా అని అడిగేవాడు.

ఆత్మకూరులోనే ఆసుపత్రిలో ప్రసవం అయింది. ఆడపిల్ల అని ఫోనులో చెప్పారు. మేడం, నేను బత్తాయిలు తీసుకుని వెళ్ళాం.

గదిలో ఆ అమ్మాయి మంచం మీద పడుకుని ఉంది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది. పెద్దమ్మ భర్తకు అక్క, జలదంకిలో ఇచ్చినామె, పక్కన నిలబడి ఉంది. ఈమధ్యే మనవడు పుట్టాడట, ఆ సంగతి ఆమె నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది. మమ్మల్ని చూడగానే, రెండోది కూడా ఆడదే, చెబితే విన్నారా, అంతా ఆ ఈగల గది పుణ్యం అని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి మొహం గోడవైపు తిప్పుకుంది. మేడం బత్తాయిల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నారు.

పెద్దమ్మ బిడ్డ తలకు గుడ్డ సర్ది, అప్పుడు తల ఎత్తింది.

“నువ్వు చూసినావా వదినా ఆ ఈగల్ని? నేను అద్దంలో కళ్ళారా చూసినా. ఆడదానికి రెండుంటాయి, మగోడికి ఒకటే. ఆ ఒక్కదాంతో రెండింతలు చాకిరీ చేస్తేగాని వాడు ఆడదానికి సమానం కాడు. మా ఇంట్లో ఇద్దరు మనవరాళ్ళు. నాలుగుండాయి మాకు. నీ మనవడికి ఎన్నో పోయి లెక్కపెట్టుకో.”

జలదంకి ఆమెకు ఏం లెక్కపెట్టాలో అర్థం కాలేదు కానీ, తన వైపు తక్కువైందని మాత్రం అర్థమైంది. మేడం, మనుషుల్లో అట్లా కాదమ్మా అని చెప్పబోతున్నారని పెదాలు చూస్తేనే తెలిసింది. వెనకనుంచి చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగాను. ఆమె ఆగిపోయి, బత్తాయిల సంచి మంచం కింద పెట్టారు.

పెద్దమ్మ బిడ్డను మేడం చేతుల్లో పెట్టింది.

“బిడ్డకు రొంత మెడ నిలబడినాక దీన్ని పంపిస్తా మేడం. పిల్లోళ్ళను నేను చూసుకుంటా. అందాకా ఆ విత్తనాలు జాగ్రత్త. ఆ మర్రిపాడాయన్ని మాత్రం గదిలో ఒంటిగా పెట్టబాకండి.”